మా ఇంట్లో ఇనుప దుర్యోధనుడు

టీవీనీ, దానికి తోడు సినిమా క్యాసెట్టు ఆడించే డెక్కునీ అద్దెకు తెచ్చుకున్న ఇంటికి ఆ ఒక్కరోజూ పెళ్ళింటికున్నంత గౌరవం ఉండేది ఆ కాలంలో. అప్పట్లో నేను తిరుపతిలో డిగ్రీ చదువుతున్నానని అందరూ అనుకునేవారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. (పరీక్ష పేపర్లు దిద్దేవాళ్ళు మాత్రం అలా అనుకోలేదు.) వేసవి సెలవులకు చిత్తూరు బయలుదేరబోతుంటే నాయన ఉత్తరం వచ్చింది. అవ్వ తుంటి విరిగి మంచంలో ఉంది. ఊళ్ళో ఏటా భారత కథ చెప్పి ఆడే భారతం మిట్టలో పద్దెనిమిది రోజుల భారతం మొదలవుతోంది. ఊహ తెలిసినప్పటి నుంచి ఒక్క ఏడూ తప్పని మనిషి, ఈసారి పోలేనని అన్నం ముట్టడం లేదు. "భారతం సినిమా క్యాసెట్టు తీసుకోని రా. ఈ పనైనా సరిగ్గా చెయ్యి" అని రాశాడు. ఆ 'పనైనా'లో నా జీవిత చరిత్ర మొత్తం ఇమిడిపోయింది.

తెచ్చాను. డబ్బా మీద గద పట్టిన భీముణ్ణి చూశాను గానీ లోపలేముందో చూడలేదు (పాఠ్యపుస్తకాలతోనూ నాది ఇదే పద్ధతి). మధ్యాహ్నం అవ్వ మంచాన్ని నాయన అద్దెకు తెచ్చిన టీవీ ముందుకు జరిపాం. నాయన టెంకాయ కొట్టాడు. నేను మీట నొక్కాను. ఆకాశంలో రెండు చందమామలు! ఒక లోకం వాళ్ళు ఇంకో లోకం మీదికి ఇనుప ఓడల్లో ఎగిరి వస్తున్నారు. అంతా బొమ్మల సినిమా; అరుపులు ఏ భాషో తెలియదు (జపాన్‌దని చాలా ఏళ్ళకు తెలిసింది). నాయన మెల్లగా నావైపు తిరిగాడు. నేను వాకిలి ఎంత దూరముందో చూసుకుంటున్నాను. అంతలో తెర మీదికి రెక్కల గుర్రమెక్కి, జుట్టు విరబోసుకున్న అమ్మాయి వచ్చింది. అవ్వ రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

"ద్రౌపదమ్మ తల్లీ! ఇంకా జుట్టు ముడేసుకోలేదు సూడు, పాపం."

"అవునవ్వా" అన్నాను. ఆ ఒక్క మాటతో ఇరుక్కున్నాను. నేల మీద వెల్లకిలా పడి ఉన్న కొండంత ఇనుప మనిషిని చూసి, దుర్యోధనుడని తనే గుర్తుపట్టింది. (భారతం మిట్టలో మట్టి దుర్యోధనుణ్ణి అలాగే పడుకోబెడతారు. కడపటి రోజు భీముడొచ్చి తొడ మీద కొట్టినా ఆయన కదలడు.) ఈయన మాత్రం కళ్ళు వెలిగించుకొని లేచి నిలబడ్డాడు.

"ఒరే, వీడేందిరా లేసేసినాడు?"

"మొదటి రోజు గదవ్వా, ఇంకా ఓపికుండాది."

ఇనుప మనిషి చెయ్యెత్తాడు, అమ్మాయి కత్తి దూసింది, తెర నల్లబడింది. క్యాసెట్టులో ఉన్నది మొదటి భాగమే.

"అంతేనా? భారతం ఎత్తుకున్నాక నడాన ఆపకూడదురా! ఆయమ్మ జుట్టు ముడేసి, ధర్మరాజుకు పట్టం కట్టేదాకా సెప్పాల. ల్యాకుంటే వాన పడదు. ఊరికి నువ్వు జవాబు సెప్తావా?"

"సెప్తాడులేమ్మా" అన్నాడు నాయన, "డిగ్రీ సదవతా ఉండాడు గదా!" (పగ తీర్చుకోవడంలో పాండవులు ఆయన దగ్గర పాఠాలు చెప్పించుకోవాలి.)

అవ్వ ఆ పూట అన్నం తినింది. నా సెలవులు అక్కడితో సరి. మిగిలిన పదిహేడు మధ్యాహ్నాలూ మంచం పక్కన కూర్చుని, చూడని కథను చూసినట్టు చెప్పాను. ఎనిమిదో రోజు చంపినవాణ్ణి మరిచిపోయి పదో రోజు యుద్ధానికి పంపితే, "వాడి కర్మాంతరం మొన్నే అయిపోయింది గదరా!" అని పట్టేసుకుంది. రెండో చందమామ మీద నుంచి సంజీవని తెప్పించాల్సి వచ్చింది. పద్దెనిమిదో రోజు ఇనుప దుర్యోధనుణ్ణి కూల్చి, అమ్మాయి జుట్టు ముడి వేయించి, రెండు లోకాలకూ కలిపి ఒకే ధర్మరాజుకు పట్టం కట్టాను. ఆ సాయంత్రం సరిగ్గా నాలుగు చినుకులు పడ్డాయి.

"నీ భారతానికి ఇంతకన్నా పడదులే" అంది అవ్వ, నా తల నిమురుతూ.

మొన్న మనవరాలి ఫోనులో ఆ బొమ్మల కథే కనిపించింది. కింద పడే అక్షరాలు చదివితే తెలిసింది: ఆ ఇనుప మనిషి లేచింది ఆ పిల్లను కాపాడడానికట! పద్దెనిమిది రోజులు కష్టపడి నేను చంపింది కథానాయకుణ్ణి. భాగం ముగిసేసరికి ఆ అమ్మాయి జుట్టు ఇంకా గాలికి ఎగురుతూనే ఉంది.

"రెండోది పెట్టేదా తాతా?"

వద్దన్నాను. ఆ జుట్టు ఎప్పుడో ముడి పడింది. మా అవ్వ కళ్ళారా చూసింది.