ఆపమన్నా ఆగని చెయ్యి

ఆ రోజు ఉదయం నాకు ఎక్కడా నొప్పి లేదు. మాట తడబడలేదు. జమ్మలమడుగులోని మా ఇంట్లో మగ్గం మీద చీర నేస్తున్నాను. లెక్కల మాస్టారుగా రిటైరయ్యాక మళ్ళీ పట్టుకున్న కులవృత్తి అది. దారం తెగితే పక్కన కూర్చున్న మా ఆవిడ “ఆపు” అంటుంది, అంటూనే వేళ్ళు పెట్టి ముడివేస్తుంది. నేను ఆగానో లేదో చూడదు. చూడాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

ఆ రోజూ “ఆపప్పా” అంది. విన్నాను. ఆమె వేళ్ళు కనిపిస్తున్నాయి. ఆపాలనే అనుకున్నాను. అయినా నా చెయ్యి, దారాన్ని దగ్గరికి కొట్టే బరువైన చెక్కను లాగేసింది.

“అబ్బా! చెవుడు గానీ వచ్చిందా ఏంది నీకు?” అంది, కమిలిన వేళ్ళు నోట్లో పెట్టుకుని.

“ఇన్యా మే. చెయ్యే ఆగల్యా.”

ఆమె నమ్మలేదు. కాసేపటికి గ్లాసులోకి నీళ్ళు వంచాను. గ్లాసు నిండి పొర్లుతున్నా చెంబు వంచుతూనే ఉన్నాను. అప్పుడు ఆమె ముఖం మారింది. “లెయ్యి. ఆస్పత్రికి పోదాం.”

ప్రొద్దుటూరులో బీపీ చాలా ఎక్కువగా ఉందన్నారు. సీటీలో ఏమీ కనిపించలేదు. ఎంఆర్ఐలో మెదడు ముందు భాగాన, కుడివైపు చిన్న స్ట్రోక్ బయటపడింది.

డాక్టరు ఇలా చెప్పారు: “కదలమనే ఆర్డర్ ఒక దారిలో పోతుంది సార్. వద్దు, ఆపు అనేది వేరే దారిలో పరిగెత్తి దాన్ని పట్టుకోవాలి. మీకు ఆ రెండోది లేటుగా చేరుతాంది.”

“నేనింకా కోపంతో కొట్నాడేమో అనుకున్యా” అంది మా ఆవిడ. డాక్టరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మాత్రలతో పాటు థెరపీ మొదలైంది. పచ్చ లైటు వెలిగితే బటన్ నొక్కాలి, వెంటనే బీప్ వినిపిస్తే నొక్కకూడదు. “వద్దన్నాక కూడా నొక్కాను” అని చాలా రోజులు డైరీలో రాసుకున్నాను. తర్వాత తప్పులు తగ్గాయి. ధైర్యం వచ్చి మగ్గమెక్కాను.

మొదటిసారి దారం తెగినప్పుడు చెయ్యి ఆగింది. పొంగిపోయాను. సాయంత్రం అలసిపోయాక మళ్ళీ తెగింది. “ఆపు” అంది మా ఆవిడ. చెక్క ధడాలున వచ్చి కొట్టింది.

“నీ చెయ్యి యాడుంది మే?”

“యాడుంటాది, నా ఒళ్ళోనే ఉండాది. నీ మాదిరి నాదీ మాటినకుండా పోతాదా?”

దెబ్బ తగలనందుకు సంతోషించాలి. కానీ ఇన్నేళ్ళుగా చూడకుండా వచ్చిన ఆ చెయ్యి ఇప్పుడు ఒళ్ళో ఆగిపోయిందని బాధపడ్డాను.

డాక్టరుకు చెబితే, “మధ్యలో ఆపగలనని నమ్ముకోవద్దు. పనినే ముక్కలు చేసుకోండి” అన్నారు. ఇప్పుడు ఒక్కొక్క పోగుకూ చెక్క వదిలి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెడతాను. చీర నెమ్మదిగా పెరుగుతుంది. బీపీ మాత్ర మానను.

ఇలాంటి స్ట్రోక్ వచ్చినవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. మీ పక్కన పనిచేసేవాళ్ళను “ఆపు” అనే మాటను నమ్ముకోవద్దనండి. మీ చేతులు చూశాకే వాళ్ళ చెయ్యి పెట్టమనండి.

నిన్న దారం తెగింది. మా ఆవిడ నా మోకాళ్ళ వైపు చూసింది. రెండు చేతులూ అక్కడే ఉన్నాయి. ఆమె వేళ్ళు మళ్ళీ మగ్గంలోకి వచ్చాయి.