లింగయ్య పేరు చెరిపిన పెట్టె

దయ్యాల కథలంటే నాకు మొదట్నుంచీ చిరాకు. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో ఇరవై ఏళ్లుగా కరెంటు ల్యాబు చూస్తున్నాను. బల్బు వెలగకపోతే ఎక్కడో తీగ తెగినట్టే, దాని వెనక ఇంకో కథ ఉండదని పిల్లలకు చెప్పేవాణ్ణి.

సునీత మా డిప్లొమా విద్యార్థిని. ఊరు జైనూర్ దగ్గర. అడవిపందుల కోసం ఎవరో చేనుకు పెట్టిన కరెంటు తీగ తగిలి వాళ్ల నాన్న లింగయ్య చనిపోయాడు. అందుకే ఆమె ఫైనల్ ప్రాజెక్టుగా కంచెకు తగిలించే పెట్టె ఒకటి చేసింది. తీగలోకి వచ్చేవి వేల వోల్టులే, కానీ రెప్పపాటు కూడా ఉండవు. పంది బెదిరి పారిపోతుంది, మనిషి బతుకుతాడు.

డిజైనూ ప్రోగ్రామూ ఓపెన్ సోర్స్ లైసెన్స్‌తో నెట్‌లో పెట్టింది. ఎవరైనా చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. షరతు ఒక్కటే: పెట్టె ఆన్ చేయగానే తెర మీద లింగయ్య పేరు రావాలి, దాన్ని చెరపకూడదు.

ఆ పెట్టెలు చేసి అమ్ముతామని ఒక కంపెనీవాళ్లు వచ్చారు. చచ్చిపోయినవాడి పేరు చూస్తే రైతులు కొనరన్నారు. దాని బదులు, ప్రాజెక్టుకు గైడుగా ఉన్న నా పేరు పెడతామన్నారు. నా మొహం మండ, ఒప్పుకున్నాను. ప్రోగ్రాంలో ఆ వరుస నా చేత్తోనే తీసేసి నా పేరు రాసుకున్నాను. సునీతకు చెప్పలేదు. థూ, ఇప్పుడు రాస్తుంటేనే అసహ్యంగా ఉంది.

మొదటి పెట్టెను జైనూర్ దగ్గర ఒక చేనులో, పట్టపగలు, రైతుల ముందు ఆన్ చేశాం. ముందు నిలబడ్డ పెద్దమనిషి తెరలోకి వంగి చూశాడు.

"గిది మా లింగన్న పేరు గదా సారూ," అన్నాడు.

నిజమే. పాత ప్రోగ్రాం పొరపాటున ఎక్కిందనుకుని రెండో పెట్టె పెట్టాం. అదే పేరు. కంపెనీ మనిషికి ఒళ్లు మండి బ్యాటరీ పీకేశాడు. తెర ఆరలేదు. అందరం చూస్తుండగా, చాయ్ తాగినంత సేపు ఆ పేరు అలాగే ఉంది.

రెండు పెట్టెలూ ల్యాబుకు తెచ్చి, చిప్పులు కంప్యూటర్‌కు తగిలించి చూశాను. వాటిలో ఉన్నది నా పేరే. లింగయ్య అన్న మాట ఎక్కడా లేదు. తోటి లెక్చరర్‌కు కూడా చూపించాను. ఆయనకూ కనబడలేదు.

సునీతను పిలిచి జరిగింది మొత్తం చెప్పాను. భయపడుతుందనుకున్నాను. భయపడలేదు.

"గదంత సరే సార్," అంది. "మా బాపు పేరు తీసెయ్య మీకు చేతులెట్ల వచ్చినయ్?"

బ్యాటరీ లేని తెర ఎలా వెలిగిందో నాకు ఈరోజుకీ తెలియదు. ఆమె అడిగినదానికి జవాబు మాత్రం తెలుసు.