సింహాచలం గారి థ్రెడ్డు పాఠం

ఈ మధ్యాహ్నం కరెంటు పోయి ఆఫీసులో యూపీఎస్ కీచుమంది. వెంటనే ముక్కుకు ఎక్కడినుంచో స్పిరిట్ వాసన తగిలింది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నేను నరసన్నపేటలో ఒక రక్తపరీక్షల ల్యాబులో, అక్కడ కంప్యూటరు చూసుకునే పార్వతి కౌంటరు దగ్గర నిలబడి ఉంటాను. పక్కన సింహాచలం గారు ఉంటారు. మేడ మీద రెండు గదుల్లో ప్రోగ్రాములు రాయించే మనిషి, నా మొదటి యజమాని. నాకు పని నేర్పింది ఆయనే.

ఆ ల్యాబుకు నేను రాసిన ప్రోగ్రాం, రక్తం పరీక్షించే యంత్రం నుంచి ఫలితాలు కంప్యూటర్లోకి తెచ్చుకునేది. తెచ్చుకున్నంతసేపూ స్క్రీన్ తెల్లబడి, ఏది నొక్కినా పలికేది కాదు. రెండు నిమిషాలేగా అనుకున్నాను, కుర్రతనం పొగరు. ఒకరోజు పార్వతి అది చచ్చిందనుకుంది. టీవీ మొరాయిస్తే మా వైపు అందరం చేసేదే చేసింది: యూపీఎస్ స్విచ్చి కట్టేసి మళ్లీ వేసింది, అది కీచుమంది. యంత్రమేమో ఒకసారి పంపిన ఫలితాన్ని మళ్లీ పంపదు, తీసిన రక్తమూ ఆ పరీక్షకే అయిపోయింది. నౌపడ నుంచి రెండు బస్సులు మారి వచ్చిన కిడ్నీ రోగి, చిక్కి శల్యమైన ముసలామె, మళ్లీ చెయ్యి చాపాల్సి వచ్చింది. "మళ్లీ సూదేటి నాయినా? నా ఒంట్లో ఇంక రగతం ఉన్నాదేటి?" అంది, కబురందుకుని వెళ్లిన నన్ను చూసి. సిగ్గుతో చచ్చాను.

ఆ సిగ్గులో పార్వతిని తిట్టబోతే సింహాచలం గారు ఆపారు. మర్నాడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నన్ను ఆమె కుర్చీలో కూర్చోబెట్టారు. ఎదురుగా రోగులు చూస్తుంటే, తెల్లబడిన స్క్రీన్ ముందు రెండు నిమిషాలు ఎంత పొడుగో అప్పుడు తెలిసింది. "అది పన్జేస్తన్నాదో సచ్చిందో ఆ పిల్లకెలాగ తెలుస్తాదిరా? బరువు పని ఎనకాల ఇంకో థ్రెడ్డుకి ఒగ్గీ. ముందున్నది మనిషికి జవాబు సెప్పడానికే," అన్నారు. ఒకే ప్రోగ్రాంలో విడివిడిగా, ఒకేసారి నడిచే పనివరుసల్లో ఒక్కొక్కటీ ఒక థ్రెడ్డు. ఉత్సాహం కొద్దీ ఆ వెనక థ్రెడ్డుతోనే స్క్రీన్ మీద అంకెలు రాయించాను, ప్రోగ్రాం కుప్పకూలింది. "వంటోడొచ్చి వడ్డిస్తాడేట్రా? ఆడు లోపలినుంచి కబురెట్టాలి, ముందున్నోడు సూపించాలి," అని నవ్వారు. వారం తిప్పలు పడ్డాక స్క్రీన్ బతికింది. ఎన్ని ఫలితాలు వచ్చాయో చెబుతూ ఉండేది, వద్దంటే ఆగేది. పార్వతి మరి స్విచ్చి జోలికి పోలేదు.

నాలుగేళ్లకు అదే ల్యాబులో కిడ్నీ రోగుల జాబితాలోకి సింహాచలం గారి పేరూ ఎక్కింది. అప్పటికి నేను విశాఖలో ఉద్యోగంలో ఉన్నాను. ఒక మధ్యాహ్నం డయాలసిస్ మంచం మీంచి ఫోన్ చేశారు. ఏదో పని నెత్తిమీద ఉంది. అది ముగించి తీరిగ్గా మాట్లాడదామని కట్ చేశాను. పని తెమలడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు పార్వతి ఫోన్ చేసింది. "సారు పోనారండి. మీ ఫోను వస్తాదేమోనని సూసినారు. ఆడు పనిలో ఉన్నాడులే అన్నారు," అంది.

ఆయన ఆ ఫోన్ ఎందుకు చేశారో ఇక ఎప్పటికీ తెలియదు. ఇప్పుడు ఎంత పనిలో ఉన్నా ఫోన్ ఎత్తి, పనిలో ఉన్నాను, సాయంత్రం చేస్తానని చెబుతాను. ఐదు సెకన్ల మాట అది. ఆయనకు నేను అదైనా చెప్పలేదు.