సాగిపోయిన టేపులో అమ్మ పాట

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్లు నిండకముందే, మా అమ్మ పోయింది. మా ఊరు నడిగూడెంలో నాట్లప్పుడు పాట ఎత్తుకునేది అమ్మే. ఆమె ఒక మాట అంటే వరుసలోని ఆడవాళ్లంతా అందుకునేవాళ్లు. ఒకసారి మా మామయ్య గట్టు మీద కూర్చుని ఆ పాటను క్యాసెట్‌లో పట్టాడు. అమ్మ గొంతు మిగిలింది అందులోనే.

దాన్ని పాడుచేసింది నేనే, ఇంకెవరినో అనడం దేనికి? రోజంతా తిప్పి తిప్పి విని, ఒకనాడు ఎండలో కిటికీ మీద మరిచిపోయాను. మళ్లీ పెడితే పాట ఒకచోట బెల్లం పాకంలా సాగింది, ఇంకోచోట ఉరికింది. అమ్మ గొంతు మగగొంతులా బొంగురుగా వచ్చింది. అది మా అమ్మ కాదని ఏడుస్తూ టేపు పీకేయబోయాను.

అమ్మ పక్కనే నాట్లు వేసిన పక్కింటి అక్క నా చెయ్యి పట్టుకుంది.

"జర ఆగవే చెల్లె. మునుపు విన్నట్టే రావాలంటే యాడికెళ్లి వస్తది? మాటకు మాట జతచేసి సూడు."

మళ్లీ పెట్టి తనూ పాడింది. టేపు సాగినచోట ఆ మాటనే పట్టుకుని ఆగింది, ఉరికినచోట ఉరికింది. ఒక్కో మాటకు నా అరచేతిలో, నారు గుచ్చినట్టు, వేలితో నొక్కింది. ఒక్క మాటా తప్పిపోలేదు, ముందుది వెనక్కి పోలేదు. మూడోసారికి నేనూ అందుకున్నాను. పాడుతున్నది అమ్మే.

"మడిల గూడ మీ అమ్మ ఒక్క తీరుగ పాడలె. ఎవలన్న వెనుకబడితే, వాళ్లు వరుసల కలిసేదాక ఆ మాటనే సాగదీసేది. నా నడుము నొప్పికి ఎన్నిసార్లు ఆగిందో" అంటూ అక్క కూడా ఏడ్చింది.

ఆ క్యాసెట్ ఎక్కువ రోజులు ఉండలేదు, తెగిపోయింది.

ఇప్పుడు కోదాడలో ఉంటున్నాం. పోయినేడు పక్షవాతం వచ్చాక మా ఆయన మాట ఒకటి సాగుతుంది, ఒకటి ఉరుకుతుంది. పిల్లలు మంచివాళ్లే, కానీ ఓపిక పట్టలేరు. ఆయన మొదలుపెట్టిన మాటను వాళ్లే ముగించేస్తారు. అప్పుడాయన కళ్లు చూడలేను. నేను మాత్రం ఆయన అరచెయ్యి పట్టుకుని మాటకొకసారి వేలితో నొక్కుతాను.

నిన్న పొద్దున నన్ను పేరు పెట్టి పిలవబోయి మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయారు. స్టవ్ మీద పాలు పొంగిపోయాయి. ఆయన మిగతా పేరు అనేదాకా నేనూ ఆ అక్షరం దగ్గరే ఉన్నాను.