రిజెక్షన్ల కొండలరావు గారు

తార్నాకలో మా ఇంటి ఓనరు కొండలరావు గారికి యాప్ తయారు చెయ్యడం రాదు. ఆ మాటకొస్తే ఫోన్‌లో వెలుతురు తగ్గించుకోవడం కూడా రాదు, దానికి పై పోర్షన్ నుంచి నన్ను పిలుస్తారు. అయినా యూనివర్సిటీ క్యాంపస్‌లో యాప్‌లు చేసే పిల్లలందరి దగ్గరా ఆయన నంబరు ఉంది. "మీ యాప్‌ని మా స్టోర్‌లో పెట్టుకోం" అని యాప్ స్టోర్ నుంచి ఉత్తరం రాగానే వాళ్ళు మా గేటు ముందు బండి ఆపుతారు. నేను ఎనిమిదేళ్ళుగా పిహెచ్‌డి చేస్తున్నాను. నా సలహా కోసం ఇంతవరకు ఎవరూ ఏ బండీ ఆపలేదు. ఈ కథలో ఎక్కడైనా నా గొంతులో అసూయ వినిపిస్తే కారణం అదే.

ఆయనది రేపల్లె దగ్గర ఊరు. ఒక విద్యాసంస్థలో సర్టిఫికెట్లు తనిఖీ చేసే సెక్షన్లో ముప్పై మూడేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ. ఈ మూడూ మెమోలో ఎలా ఉన్నాయో దరఖాస్తులోనూ అలాగే ఉంటే సంతకం, లేకపోతే ఆబ్జెక్షన్. "బడిలో వేసేటప్పుడు మా నాయన తప్పు చెప్పిండు సార్" అని కౌంటరు దగ్గర ఏడ్చినవాళ్ళు ఎంతమందో. ఈయన మాత్రం కరిగేవారు కాదు. కాగితం మీద ఏ రోజు పుడితే ఆ రోజే పుట్టినట్టు అనేవారట.

రిటైరయ్యాక డాక్టరు నడవమన్నాడు. పొద్దున్నే క్యాంపస్‌లో నడిచి, ఒక చోట టీ తాగి రావడం అలవాటైంది. ఒకరోజు ఆ టీకొట్టు దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు ఫోన్ చూసుకుంటూ యాప్ స్టోర్ వాళ్ళని తిట్టుకుంటున్నారు. ఈయన ఊరుకోలేక, "ఆ ఉత్తరం చివరిదాకా చదివారా నాయనా?" అని అడిగారు. చదవలేదు. మూడో పేరాలో, యాప్ లోపలికి వెళ్ళి చూడటానికి మాకొక లాగిన్, పాస్‌వర్డ్ ఇవ్వండి అని ఉంది. ఇచ్చారు. రెండు రోజుల్లో యాప్ పాసైంది. అప్పట్నుంచి ఈయనకి మళ్ళీ ఆఫీసు మొదలైంది, జీతం ఒక్కటే లేదు.

ఆయన పద్ధతి ఆయనది. ఉత్తరం ప్రింటు తీసుకురమ్మంటారు. కాగితం ఎడమవైపు వేలెడు మడత పెట్టి, ఒక్కో అభ్యంతరానికీ ఎర్ర పెన్సిలుతో నంబరు వేస్తారు. ప్రతి నంబరుకీ ఏం మార్చారో, ఎక్కడ మార్చారో, వాళ్ళు దాన్ని ఎలా చూసుకోవాలో రాయిస్తారు. అంతకుమించి ఒక్క మాట రాయనివ్వరు.

ఫిబ్రవరి మొదట్లో నిరోష వచ్చింది. వారాసిగూడ అమ్మాయి, ఎమ్‌సిఎ రెండో సంవత్సరం. ఆమె యాప్ పేరు 'పక్క బెంచీ'. బడిపిల్లలు రాని లెక్కని ఫొటో తీసి పెడితే, క్యాంపస్‌లో చదువుకునే వాళ్ళు దాన్ని తమ గొంతుతో వివరించి పంపుతారు. గోల్నాకలో ఒక బడిలో నలభైమంది పిల్లలు దాన్ని ప్రయోగంగా వాడుతున్నారు. చాలామందికి మార్చిలో పదో తరగతి పరీక్షలు. ఆ ప్రయోగం గడువు ఇంకో రెండు వారాల్లో ముగుస్తుంది. ఈలోపు స్టోర్ వాళ్ళు ఒప్పుకోకపోతే యాప్ ఆగిపోతుంది. వాళ్ళేమో ఆరుసార్లు తిప్పి పంపారు. పిల్లల వయసు సరిగ్గా చూసుకోవడం లేదని, ఏడోసారి కూడా ఇదే లోపంతో వస్తే ఆమె ఖాతానే శాశ్వతంగా మూసేస్తామని ఆరో ఉత్తరంలో రాశారు.

"ఇంతవరకు ఏం జవాబులు పంపావమ్మా?" అని అడిగారు కొండలరావు గారు.

నిరోష చూపించింది. మొదటిదాంట్లో తాము పేద విద్యార్థులమని రాసింది. రెండోదాంట్లో వాళ్ళమ్మకి బీపీ ఉందని రాసింది. మూడోది, నాలుగోది ఒకటే, అందకపోతే ఎలా అని రెండుసార్లు పంపింది. ఐదు, ఆరు సార్లు యాప్‌లో ఏమీ మార్చకుండా మళ్ళీ అదే పెట్టింది.

"ఏమీ మార్చకుండా ఎందుకు పంపావు?"

"మా అమ్మ ఇన్‌కమ్ సర్టిఫికెట్‌కు ఐదుసార్లు తిరిగింది సార్. ఆరోసారికి ఇచ్చిండ్రు. కాయితాలు గవే, ఏం మార్చలే. గిది గూడ గట్లనే అయితదనుకున్న."

కౌంటరుకి లోపలివైపు ముప్పై మూడేళ్ళు కూర్చున్న మనిషి ఆరో ఉత్తరం ముందుకి లాక్కున్నారు. "ఇది తిట్టు కాదమ్మా, ఆబ్జెక్షన్ మెమో. దీనికి దండాలు పెట్టకూడదు, సమాధానం చెప్పాలి" అని పెన్సిలు తీశారు.

తర్వాత నావైపు తిరిగి, "ఏవోయ్ స్కాలరూ, నువ్వు చిన్నపిల్లాడివి" అన్నారు. నాకు ముప్పై నాలుగేళ్ళు. అయినా ఓనరు మాట కాదనలేక యాప్ తెరిచి, 2012లో పుట్టానని కొట్టాను. అమ్మానాన్నల ఫోన్ నంబరు ఇవ్వమంది. నా చేతిలో ఉన్న ఫోన్ నంబరే ఇచ్చాను. దానికే ఓటీపీ వచ్చింది. అది చూసి కొట్టాను. మీ తల్లిదండ్రులు అనుమతించారు, లోపలికి రండి అంది.

"బాగుంది. నీకు నువ్వే తండ్రివి" అన్నారాయన.

"ఇండ్లల్ల ఒక్కటే ఫోన్ ఉంటది గద సార్. అమ్మ ఫోనే పిల్లలు పట్టుకుంటరు" అంది నిరోష.

"మరి వాళ్ళు ఆరుసార్లు రాసింది అదే కదమ్మా. అడిగేదీ పిల్లే, ఇచ్చేదీ పిల్లే."

మందు కూడా ఆయనే చెప్పారు. స్టోర్ వాళ్ళ నియమాలన్నీ ప్రింటు తీయించి రెండు రోజులు చదివారు. తల్లిదండ్రులు కాగితం మీద సంతకం చేసి ఇచ్చినా అనుమతి కిందే లెక్క అని అందులో ఒక చోట ఉంది. అది చూశాక ఆయన ముఖంలో వచ్చిన కళ నేను ఇంకెప్పుడూ చూడలేదు. తల్లో తండ్రో బడికి రావాలి, మన ఎదురుగా సంతకమో వేలిముద్రో వెయ్యాలి, అప్పుడే ఆ పిల్ల ఖాతా తెరవాలి అన్నారు.

"గిది యాప్ సార్, జిరాక్స్ సెంటర్ కాదు" అని నిరోష గొణిగింది గానీ, ఫారాలు కొట్టించుకొచ్చింది.

ఆదివారం గోల్నాక బడి వరండాలో బల్ల వేశారు. కొండలరావు గారు ఫుల్ హ్యాండ్స్ చొక్కా టక్ చేసుకుని, స్టాంపు ప్యాడుతో సహా హాజరయ్యారు. తమ పెళ్ళిచూపులకి కూడా ఇంత ముస్తాబు కాలేదని ఆయన భార్య అమ్మాజీ గారు గేటు దగ్గరే అనేశారు. వచ్చిన తల్లుల్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఫారంలో ఉన్నదంతా తెలుగులో చదివి వినిపించాకే సంతకం తీసుకున్నారు. మధ్యాహ్నం దాకా అంతా సాఫీగా నడిచింది.

అప్పుడు అమృతమ్మ వచ్చింది. ఆ వీధిలోనే ఇస్త్రీ బండి పెట్టుకుంటుంది. వెనకాల కూతురు ధరణి, యూనిఫాంలో. ఆదివారం కూడా యూనిఫాం ఎందుకంటే, సంతకాల పని కదా, ఇదే బాగుంటుందని వేసుకుందట. కొండలరావు గారు ధరణి ఆధార్ కార్డు చూసి కళ్ళజోడు సర్దుకున్నారు.

"జనవరి ఒకటి, రెండువేల ఏడు. అమ్మా, దీని ప్రకారం మీ అమ్మాయికి పంతొమ్మిదేళ్ళు. మీ సంతకమే అక్కర్లేదు."

"పంతొమ్మిదేంది సార్, పదిహేను. కార్డు రాపిచ్చిన నాడు పరేషాన్ల పెద్దబిడ్డ పుట్టిన సాలు చెప్పిన. తారీకు యాదికిలేదంటే జనవరి ఒకటి ఏసిండ్రు."

నిరోష తన లిస్టంతా వెతికింది. "గీ పేరు పిల్లలల్ల లేదు సార్."

"నేను గాడ లేను మేడం. చెప్పేటోళ్ళల్ల ఉన్న" అంది ధరణి.

మేం ముగ్గురం ఆ పిల్ల వంక చూశాం. లోపలికి వచ్చేటప్పుడు యాప్ పుట్టిన తేదీ అడుగుతుంది. పద్దెనిమిది దాటితే చెప్పేవాళ్ళ వైపు, దాటకపోతే అడిగేవాళ్ళ వైపు పంపుతుంది. మిగతా పిల్లలు నోటికొచ్చిన తేదీ కొట్టి సరైన వైపే వెళ్ళారు. కార్డు ముందు పెట్టుకుని ఒక్కో అంకె చూసి కొట్టిన ఈ పిల్ల మాత్రం టీచరైపోయింది.

"డౌట్లు అచ్చినయి. నాకు అచ్చినయి చెప్పిన" అంది మెల్లగా.

మూడు వారాలుగా పిల్లలందరూ మెచ్చుకుంటున్న 'ధరణి మేడం' ఈమే. ఆవిడ ఏ డిపార్టుమెంటో కనుక్కుని శాలువా కప్పాలని నిరోష అనుకుంటోంది. త్రిభుజాల మీద ఆమె చెప్పింది విని, కచ్చితంగా బీఎడ్ చేసిన మనిషేనని నేను బల్ల గుద్ది చెప్పాను. నాకు చాలా సిగ్గేసింది.

ఆ సాయంత్రం మా ఓనరు గారి హాల్లో జవాబు రాయడానికి కూర్చున్నాం. మూడు పేరాలు అయ్యాయి. కొండలరావు గారు గొంతు సవరించుకుని, "నాలుగు. మా తనిఖీలో ఒక మైనరు పెద్దవాళ్ళ వైపు ఉన్నట్టు తేలింది" అన్నారు.

నిరోష చేతులు కీబోర్డు మీంచి తీసేసింది. "గిది రాస్తే మనమే ఒప్పుకున్నట్టు అయితది సార్. ఖాతా మూసేస్తరు. కాయితం ప్రకారం ఆమె పెద్దదే గద. వాళ్ళకెట్ల తెలుస్తది? ధరణి ఒక్కదాని కోసం నలభై మందిని ఆగం జేద్దామా?"

నేను నిరోష పక్షమే. ఆ మాటే చెప్పాను కూడా. నాకు ఆయన మీద కోపం వచ్చింది. జీవితమంతా కాగితాన్ని దేవుడన్న మనిషి, ఒక్కసారి కాగితం మనకి పనికొస్తుంటే దాన్ని పట్టుకుని ప్రశ్నిస్తారేమిటి?

ఆయన పెన్సిలు కింద పెట్టారు. "కాగితం ప్రకారం అని ముప్పై మూడేళ్ళు నేనూ అన్నానమ్మా. కౌంటరు కిటికీలోంచి నాకు చేతులు కనపడేవి, మనుషులు కనపడేవాళ్ళు కాదు. ఇవాళ ఆ పిల్ల ముఖం చూశాను. చూశాక కూడా పంతొమ్మిదని రాస్తే నేను చేసింది తనిఖీ కాదు. తేదీ ఒక్కటి కొట్టి పిల్ల పెద్దవాళ్ళలోకి వెళ్ళగలిగితే, రేపు ఎవడో పెద్దవాడు కూడా తేదీ ఒక్కటి కొట్టి పిల్లల్లోకి వస్తాడు. అప్పుడు నీ నలభై మందికీ ఎవరు పూచీ?"

నిరోష కళ్ళు తుడుచుకుని నాలుగో పేరా కొట్టింది. దాని కిందే, ఇకనుంచి చెప్పేవాళ్ళు కూడా క్యాంపస్ కార్డుతో నేరుగా వచ్చి కనపడాలని మార్చినట్టు రాసింది. తర్వాత పంపే మీట నొక్కింది.

మూడు రోజులు కొండలరావు గారు నడకకి కూడా వెళ్ళలేదు. నేను మెట్లు దిగిన ప్రతిసారీ "వచ్చిందా?" అని అడిగారు, ఉత్తరం నాకు వస్తుందన్నట్టు. నాలుగో రోజు పొద్దున నిరోష గేటు దగ్గరకొచ్చి, ఏడుస్తూ నిలబడింది.

"ఏ పేరా మీద పట్టుకున్నారు?" అని ఈయన పెన్సిలు తీసుకున్నారు.

"పేరాల్లేవు సార్. అప్రూవ్డ్ అని ఒక్కటే లైను."

అమ్మాజీ గారు లోపల్నుంచి చక్కెర పట్టుకొచ్చారు. కొండలరావు గారికి మాత్రం కొంచెం చిన్నతనం అనిపించినట్టుంది. నాలుగు పేరాలు రాస్తే ఒక్కదానికైనా జవాబు రాయలేదని ఆ రోజంతా అన్నారు.

మర్నాడు బడి అయ్యాక ధరణి తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నన్నెందుకు తీసేసిండ్రు సార్? ఏమన్న తప్పు చెప్పిన్నా?"

"లేదమ్మా. నీ అంత బాగా ఎవరూ చెప్పలేదు. నీకింకా పద్దెనిమిది నిండలేదు, అంతే."

"కార్డుల నిండినయి. గది తప్పంటిరి. మరి నాకు ఎన్నడు నిండుతయి?"

వేలమంది పుట్టిన తేదీలు తనిఖీ చేసిన మనిషి ఈ ఒక్క తేదీ కోసం అమృతమ్మ వైపు తిరిగారు. అసలు ఎప్పుడు పుట్టిందని అడిగారు.

"బోనాలైన రెండో నాడు సార్, మంగళారం. సర్కారు దవాఖానల పుట్టింది" అందామె.

ఆ దవాఖానాకి ఆయన నాలుగుసార్లు తిరిగారు. లైన్లో నిలబడ్డారు, రేపు రమ్మంటే రేపు వెళ్ళారు, కిటికీలోంచి చెయ్యి పెట్టి కాగితాలు ఇచ్చారు. పాత రిజిస్టరులో అమృతమ్మ పేరు దొరికింది. ఇంటికొచ్చి, కార్డులో పుట్టిన తేదీ మార్చవలసిందిగా ధరణి తరఫున స్వయంగా దరఖాస్తు రాశారు. ఆయన చేత్తో అలాంటిది రాయడం అదే మొదలు. నేను చదివాను, అందులో రెండు చోట్ల 'దయచేసి' ఉంది.

నకలు తీసుకోవడానికి తల్లీకూతుళ్ళు వచ్చారు. ధరణి కాగితం తీసుకుని వేలు పెట్టి చదువుకుంది. జులై ఇరవై ఏడు, రెండువేల పది. వేళ్ళ మీద లెక్క కట్టి, ఇంకా రెండేళ్ళ మీద కొన్ని నెలలు ఆగాలని తేల్చుకుంది. మూతి ముడుచుకుంది. తర్వాత ఆ తేదీనే మళ్ళీ చూస్తూ ఉండిపోయింది.

"జనవరి ఒకటి నాడు నా బర్త్‌డే అంటే ఎవ్వలు ఇనకపోయేది సార్. అందరు హ్యాపీ న్యూ ఇయర్ అనుకుంట పోయేటోళ్ళు. గీ జులై ఇరవై ఏడు నాడు ఏముంటది?"

కొండలరావు గారు లేచి గోడ మీది క్యాలెండరు పేజీలు తిప్పారు. జులై దగ్గర ఆగి, వేలు కిందికి జరుపుకుంటూ వెళ్ళి, ఆ గడిని కళ్ళజోడు పైకెత్తి మరీ తనిఖీ చేశారు.

"పండగ లేదు, సెలవు లేదు. ఆ రోజు నువ్వు పుట్టావమ్మా, ఇంకేం లేదు" అన్నారు.