మామిడికి చెప్పిన మడచెట్ల పాఠం

అప్పటికి సముద్రం మొహమైనా చూడలేదు నేను. అయినా డెబ్బైల చివర్లో మదనపల్లెలో బీఎస్సీ చదువుతూ మడచెట్ల గురించి గడగడా చెప్పేదాన్ని. ఉప్పుబురదలో నిలబడతాయి, గాలి కోసం వేళ్లు బురదలోంచి పైకి పొడుచుకొస్తాయి, వేళ్లే ఉప్పును చాలావరకు వడగడతాయి, కొన్నయితే లోపలికొచ్చిన ఉప్పును ఆకుల మీదుగా కక్కేస్తాయి. పరీక్షలో మంచి మార్కులొచ్చాయి. నా పొగరుకు అది చాలదూ!

ఆ వేసవిలో పుంగనూరు దగ్గర మా ఊరికెళ్లాను. పెద్దనాయన రెండేళ్లుగా పక్క చేను బావి నుంచి నీళ్లు మోసి మామిడి అంటుమొక్కలు పెంచుతున్నాడు. ఆ బావి ఎండిపోయింది. కొత్తగా తవ్వించిన మా బావిలో నీళ్లు పడ్డాయి గానీ, నోట్లో పోసుకుంటే ఒకటే ఉప్పు.

"సదువుకున్నదానివి, సెప్పుమ్మా. ఈ నీళ్లు పొయ్యొచ్చునా?" అన్నాడు.

ఆయన ఒక ఆడపిల్లను సలహా అడగడమంటే మాటలా! తెలియదనడానికి నోరు రాలేదు. మడచెట్ల కథంతా విప్పాను. విత్తనం చెట్టు మీదే మొలకెత్తి బురదలోకి దిగుతుందంటే, "అబ్బా! బిడ్డను కడుపులో మోసినట్టే గదా!" అని మురిసిపోయాడు.

"కొంచెం కొంచెంగా పోస్తే మామిడి గూడా అలవాటు పడతాది పెద్దనాయనా" అనేశాను.

ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు. తరతరాలుగా ఉప్పులో పుట్టిన చెట్ల గుణం ఒక్క వేసవిలో మామిడికెలా వస్తుంది? ఆ మాత్రం నాకు తెలుసు. తెలిసే అన్నాను, ఛీ!

ఆయన మొక్కకు మొదట చెంబు, తర్వాత రెండు, ఆపైన కడవ, నేను చెప్పినట్టే పెంచుకుంటూ పోశాడు. ఆ ఏడు వానలూ మొహం చాటేశాయి. దసరా సెలవులకు వెళ్లేసరికి తోటలో మొక్కలన్నీ నిలువునా ఎండిపోయి ఉన్నాయి.

"యాల పోస్తివి ఆ నీళ్లు? ఎవురు సెప్పినారు నీకు?" అని పెద్దమ్మ అరుస్తోంది. తప్పు నాదేనని చెప్పాలని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

"బిడ్డ నిదానంగా పొయ్యమనే సెప్పింది. నేనే తొందరపడితి" అన్నాడు పెద్దనాయన. తర్వాత నా వైపు తిరిగి, "మళ్లీ మొక్కలు తెస్తా. ఈతూరి ఎన్ని సెంబులతో మొదలుపెట్టాల, నువ్వే సెప్పుమ్మా" అన్నాడు.

మదనపల్లె బస్సుకు టైమైందని చెప్పి లేచి వచ్చేశాను.