గోటితో మీటిన కల్దారు

మైత్రీవనం పక్కన ఫుట్‌పాత్‌ మీద పాత నాణేలమ్మే ఆ పెద్దాయన రూపాయిని కళ్లతో చూసేవాడు కాదు. గోటితో మీటి చెవితో చూసేవాడు. మా ఆవిడకు వాళ్ల అమ్మమ్మ ఇచ్చిన విక్టోరియా రాణి రూపాయి నకిలీదని నేను ఇరవయ్యేళ్లుగా లోకమంతా చాటాను. అసలుదని తేలితే ఇంట్లో నా మాటకిక విలువుండదు. ఆవేళ మా ఆవిడే దాన్ని తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. పైన మెట్రో పోయేదాకా ఆయన ఊపిరి బిగబట్టాడు. నేనూ బిగబట్టాను, బహుశా సగం హైదరాబాదూ బిగబట్టింది.

టింగ్!

"అసలు కల్దారమ్మా! నిజాం హాలీ రూపాయి కంటె గీ ఇంగ్లీషోళ్ల రూపాయే ఎక్కువ పలుకుతుండె."

అప్పుడు నాణేన్ని చూసి అదిరిపడ్డాడు. "గిట్ల మెరుస్తుందేంది? తోమిండ్రా?"

"చింతపండుతో," అంది మా ఆవిడ.

"అయ్యో! పాతదనం పోతే ధర సుత పోయినట్టే."

ఆవిడ చలించలేదు. "అమ్మడానికి రాలేదండీ. ఆ అసలుదన్న మాట ఈయన చెవిలో ఇంకోసారి చెప్పండి."